చప్పట్ల దగ్గర పెట్టిన చుక్కలు

కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివాణ్ణీ జనం సగం ఇంజనీరు, సగం మంత్రగాడు అనుకునే రోజులవి. ఆ రోజుల్లో నేను బీఎస్సీ కంప్యూటర్స్ గట్టెక్కి (గట్టెక్కడం అన్నమాట ఊరికే వాడలేదు, కొన్ని సబ్జెక్టులు కాలవలోనే ఉండిపోయి సప్లిమెంటరీలో ఒడ్డుకొచ్చాయి) పటమటలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. అక్కడ నా పేరు ఎవరికీ తెలియదు. అందరూ 'సిస్టమ్స్' అనేవారు. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే సిస్టమ్స్‌ని పిలవండి, ప్రిన్సిపాల్ గారి ఫోన్లో రింగుటోను మారకపోతే సిస్టమ్స్‌ని పిలవండి. ఒకసారి మంచినీళ్ల కూలరు ఆగిపోయినా నన్నే పిలిచారు. వెళ్లి ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాను, పనిచేసింది. దాంతో నా పరపతి నాకే భయం వేసేంతగా పెరిగిపోయింది. తీసి పెట్టడం తప్ప వేరే విద్య రాదన్న సంగతి నాకూ ఆ ప్లగ్గుకూ మధ్యనే ఉండిపోయింది.

మా ల్యాబ్‌కు ఆనుకుని ఉన్న గదిలో నాట్యం క్లాసు జరిగేది. ఆ మేడమ్‌ది కూచిపూడి పక్కనున్న ఒక పల్లె. చిన్నప్పుడే ఆ ఊరు వెళ్లి నేర్చుకుని, ఒకప్పుడు చుట్టుపక్కల ఉత్సవాలన్నిట్లోనూ ఆడారట. నేను చేరేనాటికి ఆవిడ మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. కుర్చీలో కూర్చుని, చిన్న కర్రతో చెక్క మీద తాళం వేస్తూ పాఠం చెప్పేవారు. మెట్లెక్కలేరు కాబట్టి ఆవిడ క్లాసు కింది అంతస్తులోనే ఉండాలి. గోడకు ఇవతల నేను 'ఫైల్ మెనూ తెరవండమ్మా' అంటుంటే, అవతల గుప్పెడు మంది పిల్లలు ఒక్కసారిగా పాదం వేసేవారు. మా మానిటర్లు సన్నగా వణికేవి. ఆ వణుకు తప్ప నాట్యంతో నాకు వేరే పరిచయం లేదు.

ఆ గది మీద కరస్పాండెంటు గారి కన్ను పడింది. (మా వైపు కాలేజీల్లో కరస్పాండెంటు అంటే యజమాని అని చదువుకోవాలి.) పొలాలు, కోల్డ్ స్టోరేజీ, పెట్రోలు బంకు అన్నీ దాటుకుని చదువుల్లోకి వచ్చినాయన. మనిషి మంచివాడే గానీ లెక్క మాత్రం సూటి. కింది గదిలో బ్యాంకు పరీక్షల కోచింగు పెడితే వీధిలోకి బోర్డు కనపడుతుందని ఆయన ఆలోచన. ఒకరోజు వరండాలోనే మేడమ్‌ని ఆపి అడిగారు.

"మేడంగారూ, ఈ డాన్సు వల్ల పిల్లలకి మార్కులేవన్నా కలుస్తయ్యా?"

"కలవవండీ."

"ఉద్యోగాలొస్తయ్యా?"

"రావండీ."

"మరింకేం వస్తదండీ?"

"నిలబడటం వస్తుందండీ."

"దానికి క్లాసెందుకండీ? ఆలస్యంగా వచ్చినోళ్లని నేను రోజూ నిలబెడతానే ఉన్నాగా!"

తన మాటకు తనే పెద్దగా నవ్వి, పాపం తర్వాత కొంచెం మెత్తబడి, "శనివారం కమిటీ పెద్దలొస్తన్నారు. పది నిమిషాలిస్తాను. ఇది ఉంటే ఏంటో, లేకపోతే ఏం పోతదో వాళ్లకి చూపించండి. వాళ్లు ఊఁ అంటే సరే. లేదంటే వచ్చే ఏడాది నుంచి గది కోచింగుకే" అన్నారు. గది పోతే క్లాసు పోయినట్టే, క్లాసు పోతే ఆవిడ పోయినట్టే. ఆ లెక్క చేయడానికి బీఎస్సీ అక్కర్లేదు.

చూపించడానికి మాత్రం ఏముంది? బాగా ఆడగల సీనియర్లు పరీక్షలైపోయి ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఇంకా అడుగులు సరిచేసుకునే దశలో ఉన్నారు. మేడమ్ మోకాళ్ల సంగతి చెప్పాను కదా. అందుకని ఆవిడ మర్నాడు చీర కొంగులో చుట్టి ఒక సీడీ తెచ్చారు. వయసులో ఉండగా ఏదో పల్లెలో ఒక రాత్రి ఆడిన నాట్యాన్ని ఎవరో వీడియో తీశారు. పాత క్యాసెట్టు నుంచి సీడీలోకి ఎక్కించారు. ఆవిడ ఆడినదంతటికీ మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

"ఇది శానా పొడుగుంది నాయనా. నాకిచ్చింది పది నిమిషాలు. సారమున్న చోట్లే చూపించాలి. వాళ్ల ముందు అటూ ఇటూ జరుపుకుంటా వెతుక్కోకుండా, నొక్కగానే సరిగ్గా అక్కడికే పోయే మార్గం ఏవన్నా ఉందా?"

"ఉందండీ మేడమ్" అన్నాను. ఉందో లేదో నాకు తెలియదు. సిస్టమ్స్ కదా, లేదనకూడదు.

అదృష్టం, నిజంగానే ఉంది. స్లైడులో వీడియో పెట్టి, నడిపిస్తూ, కావలసిన చోట పైనున్న 'బుక్‌మార్క్' బొత్తాం నొక్కితే, వీడియో కింద గీత మీద చిన్న గుండ్రటి చుక్క పడుతుంది. తర్వాత ప్రదర్శన నడిచేటప్పుడు ఆల్ట్, ఎండ్ కలిపి నొక్కితే వీడియో ఒక చుక్క నుంచి తర్వాతి చుక్కకు దూకుతుంది. ఆల్ట్, హోమ్ నొక్కితే వెనక చుక్కకు పోతుంది. అది కనుక్కున్న మధ్యాహ్నం నేను టిఫిను క్యారియరు తెరవడం మరిచిపోయి నోరు తెరుచుకుని కూర్చున్నాను. పుస్తకంలో నెమలీక పెట్టుకోవడం ఎరుగుదుం. ఎప్పుడో గడిచిపోయిన ఒక రాత్రిలో ఇక్కడ, ఇదిగో ఇక్కడ, అని వేలు పెట్టి గుర్తుంచుకోవడం, కావాలన్నప్పుడల్లా అక్కడ దిగడం! కాలానికి కూడా మెట్లుంటాయన్నమాట, రెండు మీటలతో ఎక్కీ దిగీ రావచ్చన్నమాట. ఇంటికెళ్లి మా అమ్మకు ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అమ్మ పూర్తిగా విని, "చుక్కలు పెట్టడానికి బీఎస్సీ ఎందుకురా? రోజూ వాకిట్లో నేను పెట్టట్లా?" అంది.

"ఎక్కడెక్కడ పెట్టమంటారు మేడమ్?" అని అడిగాను.

"నువ్వే చూసి పెట్టు. నన్ను నేను చూసుకోలేను నాయనా. ఆ కాళ్లు చూస్తే ఈ కాళ్లకి కోపమొస్తది" అని నవ్వారు. "చూసేవాడికి ఎక్కడ ఒళ్లు జలదరిస్తదో అక్కడ పెట్టు. అంతే."

అక్కడే వచ్చింది చిక్కు. నాకు ఒళ్లు జలదరించేది ఎర్తింగు లేని కంప్యూటరు డబ్బా ముట్టుకున్నప్పుడే. వీడియో కొంతసేపు చూశాను. ఒక అమ్మాయి వచ్చింది, చేతులు తిప్పింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఏది సారమో ఏది సాధారణమో నాకెలా తెలుస్తుంది? అప్పుడు నా బుర్రకు ఒక మెరుపు తట్టింది. (ఆ వయసులో మెరుపులు ఎక్కువ, వానలు తక్కువ.) సినిమా హాల్లో ఈల పడిందంటే హీరో ఏదో చేశాడని బయట సైకిల్ స్టాండులో ఉన్నవాడికి కూడా తెలుస్తుంది. నాట్యం తెలియకపోతే నాకేం, తెలిసిన జనం అక్కడే కూర్చుని చప్పట్లు కొడుతున్నారు కదా! చప్పట్లు మోగిన చోటే ముఖ్యమైన చోటు. ఇక చూడటం కూడా దండగే, వింటే చాలు.

అలా కళ్లు నాకు సర్దమని ఇచ్చిన జూనియర్ల హాల్ టికెట్ల మీద, చెవులు హెడ్‌ఫోన్లలో, వేలు మౌసు మీద పెట్టుకుని, చప్పట్లు మోగిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టుకుంటూ పోయాను. సాయంత్రానికి వరసగా చుక్కలు పడ్డాయి, హాల్ టికెట్లు కూడా వరసలోకొచ్చాయి. చివర్లో ఒకసారి పరీక్షించాను కూడా. నొక్కాను, దూకింది. నొక్కాను, దూకింది. దూకిందా లేదా అన్నదే చూశాను గానీ, దూకి ఎక్కడ పడిందో చూడలేదు.

శనివారం సెమినార్ హాల్లో కిటికీలకు తెరలు దించారు. కరస్పాండెంటు గారు మధ్యలో, ఆయనకు రెండువైపులా కమిటీ పెద్దలు, అందరి ముందూ సమోసాలు. మేడమ్ మంగళగిరి చీర కట్టుకుని తెర పక్కన కుర్చీలో కూర్చున్నారు. నేను ఎదురుగా ల్యాప్‌టాప్ దగ్గర, విమానం నడపబోయేవాడి మొహం పెట్టుకుని నిలబడ్డాను.

"ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలుంచి, నెత్తిన నీళ్ల చెంబు పెట్టుకుని, ఒక్క బొట్టు ఒలక్కుండా ఆడటం మా సంప్రదాయంలో ఉంది. చూడండి" అన్నారు మేడమ్.

నేను నొక్కాను. తెర మీద, గోడంత పెద్దగా, బుర్రమీసాల పెద్దమనిషి ఒకాయన ప్రత్యక్షమై చప్పట్లు కొట్టసాగాడు.

కరస్పాండెంటు గారు ఆయన్ని కాసేపు పరకాయించి, "ఆడేది ఈయనా?" అన్నారు.

"కాదండీ... ఈయన చూస్తున్నారండీ" అన్నాను.

గబగబా తర్వాతి చుక్క నొక్కాను. చంకలో పిల్లాడితో ఒకావిడ, పక్కన మూతికి కొంగు అడ్డం పెట్టుకున్న ముసలావిడ, ఇద్దరూ చప్పట్లే. తర్వాతి చుక్కలో తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ ఒక రైతు. ఆయనా తువ్వాలు భుజాన వేసుకుని చప్పట్లకే దిగాడు. అప్పుడర్థమైంది. ఆ వీడియో తీసినవాడు పెళ్లిళ్లు తీసేవాడు. అక్షింతలు పడగానే కెమెరా బంధువుల వైపు తిప్పడం అతని వృత్తి ధర్మం, ముందు వరసలో పెద్దలు ఒక్కరు పడకపోయినా ఊళ్లో మాటొస్తుంది. అందుకని ఇక్కడా చప్పట్లు మొదలవగానే నాట్యం వదిలేసి జనం వైపు తిప్పాడు. నేను సరిగ్గా అక్కడే, ఎక్కడా గురి తప్పకుండా, చుక్కలు పెట్టాను.

"ఏవయ్యా సిస్టమ్సూ, మేడంగారెక్కడ?"

"వస్తారండీ..."

"మోకాళ్లు నొప్పులుగా, నిదానంగా వస్తన్నారేమోలే!" అన్నాడొక కమిటీ పెద్దాయన. సమోసాలు వణికేలా అందరూ నవ్వారు.

వీడియోని చేత్తో వెనక్కి లాగబోయాను. ఆ ముసలి ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. చుక్క నుంచి చుక్కకు దూకమంటే దూకుతానంది గానీ ఆ మధ్యకు రానంటే రానంది. పట్టపగలు చుక్కలు కనపడటమంటే ఏమిటో, స్వయంగా పెట్టుకున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఒక మనిషి బతుకుతెరువు, ఆ గుప్పెడు మంది పిల్లల క్లాసు, నా హెడ్‌ఫోన్ల పుణ్యమా అని అక్కడ కరిగిపోతోంది. మేడమ్ మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు. చివరికి చూశాను.

ఆవిడకు కోపం లేదు. కళ్లు పెద్దవి చేసుకుని తెర మీది రైతునే చూస్తున్నారు.

"వీళ్లనా..." అన్నారు మెల్లగా. "ఆ రోజు నాకు వీళ్లెవరూ కనపళ్లేదండీ. లైట్లు కళ్లల్లో కొడుతుంటే ఎదరంతా చీకటే. చీకట్లోంచి చప్పట్లు వినపడేవి, అంతే. ఎవరు కొట్టారో ఇప్పుడే చూస్తన్నా." నావైపు తిరిగారు. "నాయనా, ఆ తువ్వాలాయన్ని అట్టా ఆపు. పోనీకు."

మళ్లీ ఆ చుక్క మొదటికే వెళ్లి ఆపాను. తడికళ్లతో రైతు తెర మీద నిలిచిపోయాడు.

"ఈయన ఎందుకు కళ్లు తుడుచుకున్నాడో చెప్తానండీ" అని, ఆవిడ కుర్చీలోనే కొంచెం ముందుకు జరిగారు.

నేను తర్వాత చెప్పబోయేది నమ్మమని ఎవర్నీ బలవంతపెట్టను. ఆవిడ అలిగి కూర్చున్న ఇల్లాలయ్యారు. పాట లేదు, మద్దెల లేదు, లేవనైనా లేదు. భర్త గుమ్మంలోకి వచ్చాడు. (ఎక్కడికి వచ్చాడంటే సమోసాల పళ్లేనికి ఇవతల. నాకు కనిపించాడు మరి.) ఆవిడ గోడ వైపు తిరిగింది. అతను ఒక అడుగు వేశాడు. ఆవిడ కనుబొమ్మ ఒక్కటే లేచింది. ఇంకో అడుగు వేశాడు. పెదవి చివర బిగిసింది. అతను ఆగిపోయాడు. అప్పుడు ఆవిడ మొహంలోకి భయం వచ్చింది, వెళ్లిపోతాడేమోనని. మెడ తిరగలేదు, అభిమానం కదా, కంటి కొస ఒక్కటే వెనక్కి వెతుక్కుంటూ వెళ్లింది. గది ఖాళీ. ఆ ఖాళీ ఆవిడ మొహమంతా నిండిపోయాక, భుజం మీద చెయ్యి పడింది. పడ్డట్టు ఆ భుజం చెప్పింది. అలక, ఏడుపు, నవ్వు, మూడూ ఒకే కంట్లో ఒకేసారి. ఆ కన్ను ఒక్కసారి నావైపు మెరిసింది. నొక్కమని.

నొక్కాను. తెర మీది రైతు తువ్వాలు భుజాన వేసుకుని చప్పట్లు కొట్టాడు. ఎప్పటివో ఆ చప్పట్లు, ఇప్పుడే ఈ కన్నీళ్లకే కొట్టినట్టు, తూకం వేసినట్టు సరిపోయాయి.

"వన్స్ మోర్!" అని అరిచాడు ఇందాక మోకాళ్ల మీద జోకేసిన పెద్దాయన. (చిన్నప్పటి నుంచీ పద్యనాటకాలకు అలవాటు పడిన గొంతు. కమిటీలో ఉన్నానన్నది దానికి గుర్తులేదు.) నేను వెనక చుక్కకు వచ్చాను. మేడమ్ మళ్లీ ఆడారు. ఈసారి ఆ ఇల్లాలు మొండిది కాదు, అల్లరిది. అలక సగం నాటకం. భర్త ఆగిపోగానే నవ్వు ఆపుకోలేక కొంగు కొరుక్కుంది. అయినా చివర భుజం మీద చెయ్యి పడేసరికి ఆ కన్ను తడిసింది. అదే చుక్క, అదే తువ్వాలు, అవే చప్పట్లు. మనిషి మాత్రం కొత్త. నేను పెట్టిన గుర్తు ఎన్నిసార్లు వెళ్లినా ఒక్కచోటుకే తీసుకెళుతుంది. ఆవిడ అక్కడికే ప్రతిసారీ వేరే దారిలో వచ్చారు.

"మరి ఆ మీసాలాయన?" అన్నారు కరస్పాండెంటు గారు. గొంతులో తొందర వినిపించింది.

నేను మొదటి చుక్కకు వెళ్లి బుర్రమీసాలను ఆపి పెట్టాను. ఇత్తడి పళ్లెం. మోకాళ్లు లేని మనిషి పళ్లెం మీద ఎలా ఆడుతుంది? మేడమ్ చీర కుచ్చిళ్లు కాస్త పైకి లాక్కుని, రెండు పాదాలూ నేల మీద జోడించారు. బొటనవేళ్లు మాత్రం కదిలాయి. తర్వాత మడమలు. చేతులు రెండువైపులా చాచారు, చూపు పైకి పోయింది, లేని చెంబు మీదికి. అంతే, హాల్లో అందరి చూపూ పైకి పోయింది. నడుం దగ్గర ఒక చిన్న అలలాంటిది పుట్టి మెడ దాకా వచ్చి చెంబు కింద ఆగింది. నీళ్లు అంచు దాకా వచ్చాయి, నా కళ్లారా చూశాను. ఒలకబోయాయి. ఆవిడ ఊపిరి బిగబట్టారు. నీళ్లు అంచు మీద ఆగి ఆలోచించాయి. వెనక్కి తిరిగాయి.

ఆవిడ కన్ను నావైపు మెరిసింది. నేను నొక్కలేదు. నా వేళ్లు మీటల మీదే ఉన్నాయి, నేను లేను. చెంబులోకి చూస్తున్నాను. మళ్లీ మెరిసింది. బుర్రమీసాలాయన చేతులు తెర మీద అలా గాలిలోనే ఉండిపోయాయి. హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా. అప్పుడు చూస్తే, మా కరస్పాండెంటు గారు కుర్చీలోంచి సగం లేచి, దోసిలి ముందుకు చాచి ఉన్నారు, పడబోయే చెంబును పట్టుకోవడానికి. పట్టుకోవడానికి చెంబు లేదని ఆయనకు అప్పుడే తెలిసింది. చాచిన చేతులను అందరిముందూ ఏంచేయాలో తోచలేదు. ఒకసారి వాటిని చూసుకున్నారు. తర్వాత ఆ రెంటినీ ఒకదానికొకటి తగిలించారు. మళ్లీ తగిలించారు. అప్పుడు హాలంతా మోగింది. ఈ చప్పట్లు నేను నొక్కినవి కావు.

కాసేపటికి ఆయన కండువాతో మొహం తుడుచుకుని, "ఆ గది జోలికెవరూ పోవద్దు. కోచింగుకి పైన రేకుల షెడ్డు వేద్దాం" అన్నారు.

"ఎండాకాలం చస్తారు కదండీ పిల్లలు" అన్నాడు పద్యనాటకం పెద్దాయన.

"బ్యాంకు ఉద్యోగమంటే ఆ మాత్రం చెమట పట్టాల్లెండి" అని, నావైపు తిరిగారు. "ఏవయ్యా సిస్టమ్సూ, వీడియోలో మేడంగార్ని దాచిపెట్టి ముందు మమ్మల్ని ఆటపట్టించటం, ఆమీదట ఎదురుగా చూపించటం... బలే ఎత్తువేశావయ్యా! ఎవరి బుర్ర ఇది?"

నేను నోరు తెరిచేలోగా, "అంతా అబ్బాయి అనుకున్నదేనండీ" అన్నారు మేడమ్, రెప్ప కూడా వాల్చకుండా. ఆ రోజు ఆవిడ చేసిన అభినయాల్లో దానికి నేను ఇప్పటికీ మొదటి బహుమతి ఇస్తాను.

సోమవారం ఆవిడే ల్యాబ్‌కు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఈసారి కళ్లు తెరుచుకునే చూశారు తనను తాను. ఒక్కో చుక్కనూ తీసేసి చప్పట్లకు కొంచెం ముందుకు జరుపుకుంటూ వచ్చాం. "అదిగో, ఇంకొంచెం ముందుకి... ఊపిరి తీసుకున్నానే, అక్కడ" అని చూపించేవారు. పళ్లెం దగ్గరికొచ్చాం. చెంబులో నీళ్లు అంచుకొచ్చే వేళకు ఆ పెళ్లిళ్ల కెమెరా తొందరపడింది. పాదాల మీంచి నేరుగా మీసాల మీదికి తిరిగిపోయింది. మధ్యలో ఉండవలసినది లేదు. ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు నడిపినా లేదు.

"ఇక్కడ చుక్క ఎక్కడ పెట్టమంటారు మేడమ్?"

"వదిలేయ్ నాయనా. నువ్వు చూశావుగా" అన్నారు.

ఇప్పుడు నా ఉద్యోగమంతా అదే. పెద్ద పెద్ద ఆఫీసుల వాళ్లకు స్లైడ్లలో వీడియోలు పొదగడం, వాటిలో ముఖ్యమైన చోట్లు గుర్తించడం. ఈ మధ్య ఆ పని యంత్రమే చేసి పెడుతోంది, నేను సరిచూస్తే చాలు. అది ఎప్పుడూ గురి తప్పదు, ఎప్పుడూ మైమరవదు, నొక్కవలసిన చోట నొక్కుతుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు పటమట సెమినార్ హాల్లో మీటల మీద వేళ్లు పెట్టుకుని, నోరు తెరుచుకుని, లేని చెంబులోకి చూస్తూ నిలబడిపోయిన ఆ సన్నటి కుర్రవాడు గుర్తొస్తాడు. వాడు సమయానికి నొక్కి ఉంటే బుర్రమీసాలాయనే చప్పట్లు కొట్టి ఉండేవాడు, ఆ దోసిలి చాచినాయన మళ్లీ కూర్చుని సమోసా అందుకుని ఉండేవాడు. ఇన్నేళ్ల అనుభవం వచ్చాక కూడా, ఆ రోజు వాడు ఏమీ చేయకుండా నిలబడి చేసినంత చక్కటి పని నేను మళ్లీ చేయలేకపోయాను.